ఎంగిలి జ్ఞాపకం

ఆ కాలంలో ఒక పాటను రెండోసారి వినే అలవాటు పోయింది. చెవి వెనక మినపగింజంత స్వరమిత్ర అనే పరికరం అతికించుకుంటే చాలు. అది నాడి చూసి, నెత్తురు పరుగు చూసి, అప్పటికప్పుడు ఆ మనిషికి సరిపడే పాట కట్టి వినిపించేది. విని వదిలేసిన పాట మళ్లీ పుట్టదు. భీమిలి బస్సు నిండా జనం ఉన్నా పక్కవాడి చెవిలో ఏం మోగుతోందో ఎవరికీ తెలియదు. పెళ్లిలో సన్నాయి సైతం ఎవరి చెవిలో వారికే.

అలాంటి లోకంలో పాత సైకెడెలిక్ ట్రాన్స్ సంకలనాలు మాత్రం చావలేదు. మాట ఉండదు, పల్లవి ఉండదు. దబదబమని ఒకటే దరువు, దాని మీద తుట్టె కదిలిన తేనెటీగల్లా మెలికలు తిరిగే మోత. ఎక్కడెక్కడివాళ్లో చేసిన పాటలను మరెవరో ఏరి, ఒక వరుసలో పేర్చిన ఆల్బములు. తాతల నాటి ఆ మోతను జనం వెతుక్కుని మరీ, వరుస తప్పకుండా, మళ్లీ మళ్లీ వినేవారు.

దాని గుట్టు మధురవాడ నాదపరిశోధనశాలలో డాక్టర్ ప్రవల్లిక పట్టుకుంది.

"గొప్పంతా పాటలో లేదు నాయుడుగారూ, పాటకూ పాటకూ మధ్య సందులో ఉంది," అని ఆమె తను పిలిపించుకున్న ముసలి ముత్యాలనాయుడికి చెప్పింది. "ఐదో పాట ఆగగానే మెదడు ఆరోదాన్ని తనే మొదలెట్టేస్తుంది. ఆ కాస్త ఖాళీలోనే విన్నవాడి వయసు, ఆ చోటు, ఆ గాలి అన్నీ అంటుకుని ఉండిపోతాయి. విడిపాటకు ఆ సందు ఎక్కడిది?"

ఆమె కనిపెట్టినది విరామలేపనం. వయసులో ఉండగా అలాంటి ఆల్బం విన్నవాడి మెదడులోంచి ఆ సందు తాలూకు అనుభూతిని న్యూరల్ స్కానర్‌తో తోడి, నకలు తీసి, ఆల్బంలో అదే సందులో పూస్తారు. తలకు పట్టీ కట్టుకుని విన్నవాడికి అది పరాయివాడి జ్ఞాపకంలా ఉండదు. తన బతుకులోదే అనిపిస్తుంది. జనం దాన్ని పూత అన్నారు.

తోడింది ముత్యాలనాయుడి దగ్గర. కుర్రతనంలో అతను రుషికొండ ఒడ్డున షోకిలారాయుళ్ల విందులకు స్పీకరు పెట్టెలు మోసి నిలబెట్టేవాడు. పొద్దువాలే వేళ, పెట్టెలు సరిగ్గా పలుకుతున్నాయో లేదో చూసుకోవడానికి ఎప్పుడూ అలాంటి ఆల్బం ఒక్కటే, మొదటినుంచి చివరిదాకా వేసేవాడు. ఆ వరుస నరాల్లో ఇంకినవాడు ఆ చుట్టుపక్కల మరొకడు మిగల్లేదు. బదులుగా ఏం కావాలని అడిగితే, పూత వేసిన ఆల్బం డబ్బా మీద తన పేరూ ఊరూ వేయమన్నాడు. ఆ ముసలితనపు షోకే కొంప ముంచింది.

పూత విని, డబ్బా మీది ఊరు పట్టుకుని నాయుడి ఇంటికి మొదట వచ్చినవాడు అనకాపల్లి బెల్లం వ్యాపారి. బట్టతల, చంకల కింద చెమట మరకలు. వాకిట్లో చేపలు ఎండబెడుతున్న నాయుడి పెళ్లాం నూకరత్నాన్ని చూసి, చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"ఆయేళ నిప్పు పడి కాలు బొబ్బెక్కింది గదా. మానిందా అమ్మా?"

నూకరత్నం తెల్లబోయింది. పెళ్లికి ముందు ఆమె ఆ ఒడ్డునే మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్మేది. నిప్పు పడిన మాటా నిజమే.

"ఎప్పుడో మానింది. నువ్వెవులివి?"

"ఏమోనమ్మా, నాకూ తెలవడం లేదు," అన్నాడు వాడు, కళ్లు తుడుచుకుంటూ.

తరువాత ఇంకా వచ్చారు. గుట్కా పళ్లవాడు, పొట్ట మీద బొత్తాం నిలవనివాడు, పెళ్లాన్ని బస్టాండులో కూర్చోబెట్టి వచ్చినవాడు. ఒకడు ముంజలు తెస్తాడు, ఒకడు మల్లెపూలు. నోటినిండా తమలపాకు ఎరుపుతో, నాయుడి పెళ్లాం గురించి నాయుడికుండాల్సిన తడిని వాళ్లు అతని ఎదటే కళ్లలోంచి కార్చేవారు. నాయుడికి తాను తిన్న ఎంగిలి విస్తరి మీద ఊళ్లన్నీ పడి నాకుతున్నట్టుండేది. వాళ్లు వెళ్లాక అరుగు మీద ఫినాయిలు పోసి కడిగేవాడు. ఆ వాసన పోయేది, వాళ్లది పోయేది కాదు.

ఓర్చలేక మధురవాడ వెళ్లాడు.

"ఆ పొత్తుల పిల్లని అందులోంచి తీసీయండమ్మా. పాటల్నే ఉంచుకోండి."

"తీసి చూశాం," అంది ప్రవల్లిక. "తీస్తే మిగిలింది వట్టి మోత. ఎవరూ రెండోసారి వినలేదు. అయినా మీ ఆవిడ వద్దంటే రేపే ఆపేస్తాం. మీ మాట చెల్లదు."

"నాను మొగుణ్ని."

"మీరు డబ్బా మీద పేరు అడిగారు నాయుడుగారూ. ఆవిడ ఏమీ అడగలేదు."

ఇంటికొచ్చేసరికి అరుగు మీద బెల్లం వ్యాపారి మళ్లీ ఉన్నాడు, మరో ఇద్దరితో.

"వద్దను రత్నం. ఒక్క మాటంటే పీడా పోద్ది," అన్నాడు నాయుడు.

"ఏల వద్దనాల?"

"సిగ్గనేది లేదేటే? ముక్కూ మొగం తెలీనోడు నీ కాలి గురించి అడుగుతుంటే..."

"అడుగుతన్నాడు గదా. నువ్వు ఏ పొద్దన్నా అడిగినావా మావా?" ఆమె చేపలు తిరగేయడం ఆపలేదు. "సరే, వద్దంతాను. ఒకటి సెప్పు. ఆయేళ నీ పాట ఆగినప్పుడు నానేటన్నాను?"

నాయుడు నోరు తెరిచాడు. సముద్రం గుర్తుంది, పెట్టెల బరువు గుర్తుంది.

"ఏదో... పొత్తు గురించి."

బెల్లం వ్యాపారి తల వంచుకుని మెల్లిగా అన్నాడు. "మిల్లు ఆగిపోనాదేటి? ఈ పొత్తు తినీసి మల్లీ ఆడించు, అన్నారమ్మా."

ఆ దబదబ దరువును ధాన్యం మిల్లు మోత చేసిన తన మాటకే నూకరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు ఆ ఇంట్లో నాయుడు ఎప్పుడూ వినలేదు.

మర్నాడు మళ్లీ పరిశోధనశాలకు వెళ్లి, తనకూ పూత వేయమన్నాడు.

"మీదేగా అది," అంది ప్రవల్లిక.

"నాదే. దారి తెలవడం లేదు."

పట్టీ కట్టారు. దరువు సాగింది. ఐదో పాట ఆగింది. ఆ ఖాళీలో అలల చప్పుడు, కాలిన గింజల వాసన, పొగకు కళ్లు చికిలించి పొత్తు చాపుతున్న పిల్ల. మిల్లు ఆగిపోనాదేటి? ఆరో పాట మొదలైపోతుందని ముసలివాడు పసివాడిలా ఏడ్చాడు.

బస్సు దిగి వాకిలిదాకా పరిగెత్తాడు. ఆమె ఎదట నిలబడి, రొప్పుతూ, చేతులు నలుపుకుంటూ అంతా చెప్పాడు. మిల్లు మాట, పొగ మాట, కాలి మీద నిప్పు మాట.

నూకరత్నం చాలాసేపు అతని తడికళ్లలోకి చూసింది. వెతికింది. తరువాత చూపు తిప్పుకుంది.

"వచ్చినోళ్లందరూ అదే సెప్తన్నారు. కూకో, మజ్జిగ తెస్తాను."

అరుగు మీదివాళ్లు జరిగి చోటిచ్చారు. బెల్లం వ్యాపారి చెమట భుజం అతని భుజానికి అంటుకుంది. అసహ్యించుకోవడానికి నాయుడు వాడికీ తనకూ ఉన్న తేడా కోసం వెతికాడు. దొరకలేదు.