గుమ్మలకొండ రోప్‌వే ముహూర్తం

"పడింది!" అంటూ ప్రసూన కుర్చీలోంచి ఎగిరి లేచింది. ల్యాబులో ఉన్న నలుగురూ చప్పట్లు కొట్టారు.

అప్పుడే క్యారియర్ పట్టుకుని లోపలికొచ్చిన ఆమె తల్లి నూకాలమ్మ హడలిపోయింది. "ఏటి పడిందే? ఎవరికి తగిలింది?"

"కెర్నల్ పడిందమ్మా. ఎవరికీ ఏం కాలేదు, కంగారుపడకు."

గుమ్మలకొండ మీదికి కొత్తగా వేసిన రోప్‌వేని నడిపేది కంప్యూటరు. దాని లోపల అన్నిటికీ పెద్దదిక్కుగా ఉండే ప్రోగ్రామే కెర్నల్. మోటారు తిరగాలన్నా, బ్రేకు పడాలన్నా దాని మాటే చెల్లాలి. అది కుప్పకూలిందంటే కేబిన్ లోయ మధ్యలో ఉట్టిలా వేలాడుతుంది. ఎప్పుడు కూలుతుందో చూడ్డానికి నిజం కేబిన్‌లో మనుషుల్ని కూర్చోబెట్టలేం కదా! అందుకే ప్రసూన ఎమ్యులేటర్ పెట్టింది. అంటే సాఫ్ట్‌వేర్‌తో కట్టిన ఉత్తుత్తి యంత్రం. పిచ్చి కెర్నల్, తాను నిజంగానే కొండ దగ్గర ఉన్నాననుకుంటుంది. ఇక ఫజర్ అనే ఇంకో ప్రోగ్రాము, రిమోటు దొరికిన పసిపిల్లాడిలా, దానికి అడ్డదిడ్డమైన ఆజ్ఞలన్నీ ఇస్తుంది. ఆగమంటుంది, ఆగకముందే పొమ్మంటుంది, అసలు లేని బ్రేకు వెయ్యమంటుంది. కెర్నల్ పడితే మళ్లీ లేపుతుంది, మళ్లీ తంతుంది. పడ్డప్పుడల్లా ఒక లోపం దొరుకుతుంది కాబట్టి, ఈ ల్యాబులో పడటమంటే పండగే.

ఆ రోజు ఒక చిక్కొచ్చింది. ఫజర్ మాటిమాటికీ ఉత్తుత్తి యంత్రం గడియారాన్ని వెనక్కి తిప్పేస్తోంది. దాంతో ఏ ఆజ్ఞ ముందో ఏది వెనకో తెలియక పరీక్షంతా గందరగోళమైపోతోంది. ప్రసూనకి విసుగొచ్చి, గడియారం తిప్పే ఆజ్ఞని ఫజర్‌లోంచి తీసేసింది.

"బుద్ధున్నవాడెవడైనా కంట్రోల్ రూములో గడియారం వెనక్కి తిప్పుతాడా అమ్మా?"

"ఎందుకు తిప్పుతాడే, పనీ పాటా లేకపోతే గానీ," అంది నూకాలమ్మ క్యారియర్ విప్పుతూ.

నూకాలమ్మ ఆ కొండ మీద నర్సుగా పనిచేసి రిటైరైంది. నొప్పులొచ్చిన ఆడపిల్లల్ని డోలీ కట్టి మోసుకొస్తుంటే, వెనకాలే పరుగెత్తి మోకాళ్లు అరగదీసుకున్న మనిషి. దారిలోనే కన్నుమూసిన వాళ్ల పేర్లు ఆమెకి ఇప్పటికీ గుర్తే. మొదటి కేబిన్‌లో నేనే ఎక్కుతానని పట్టుబట్టింది. పరీక్ష చేసినవాళ్ల ఇంటి మనిషే ముందు ఎక్కాలన్నది ల్యాబు ఆనవాయితీ కూడాను.

ప్రారంభోత్సవం శుక్రవారం పెట్టారు. ముహూర్తం పది దాటిన పన్నెండు నిమిషాలకి. పదిన్నర నుంచి రాహుకాలం. మంత్రిగారేమో పదకొండు దాటాక తీరిగ్గా కారు దిగారు. ప్రసూన తల్లిని కేబిన్‌లో కూర్చోబెట్టి, తలుపు సరిచూసి కంట్రోల్ రూముకి వచ్చేసరికి కేబిన్ కదిలింది. బయట మేళం హోరెత్తిపోయింది.

లోయ మధ్యకి వెళ్లేసరికి కేబిన్ గప్పున ఆగిపోయింది. తెర మీద ఎర్రటి అక్షరాలు పడ్డాయి. కెర్నల్ కూలింది.

ఇక్కడ ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"ఓలమ్మో! ఏటే ఇది, ఇలా ఊగుతంది?" స్పీకర్‌లో నూకాలమ్మ గొంతు. వెనక గాలి ఈలలు వేస్తోంది.

"ఏం లేదమ్మా, గట్టిగా పట్టుకో." ప్రసూన కీబోర్డు మీదికి వంగింది. మెషీన్ని మళ్లీ లేపింది. లేచింది, కూలింది. ఇంకోసారి లేపింది. అదే వరస. అప్పుడు తెర మూలనున్న టైము చూసింది. పది గంటల పదిహేను నిమిషాలు.

"సింహాద్రి గారూ, గడియారం ఎవరు ముట్టుకున్నారు?"

ఆపరేటర్ సింహాద్రి ప్రాజెక్ట్ డైరెక్టర్ చిదంబరరావు వైపు చూశాడు.

"నేనే తిప్పమన్నానమ్మా," అన్నాడు చిదంబరరావు. "శిలాఫలకం మీద ముహూర్తం చెక్కించేశాం. బయట పెద్ద బోర్డు మీద టైము ఈ కంప్యూటర్లోంచే వస్తుంది. మంత్రిగారు బటన్ నొక్కేటప్పుడు అదే టైము కనిపించాలి కదా!"

ప్రసూనకి ఒక్కసారిగా అర్థమైంది. పదకొండింటికి బ్రేకులు సరిచూసినట్టు కెర్నల్ దగ్గర గుర్తుంది. ఇప్పుడేమో పదింపావు అంటున్నారు. ఇంకా రాని టైములో బ్రేకులు ఎలా చూశానో తెలియక, అది లెక్క తప్పి కూలిపోతోంది. కోతి కూడా చెయ్యని పనులన్నీ ఎమ్యులేటర్‌లో చేయించింది. మనుషులు చేసేది ఒక్కటే వదిలేసింది.

"నిజం టైము పెట్టేస్తున్నాను."

"అయ్యయ్యో, వద్దమ్మా!" చిదంబరరావు కీబోర్డుకి అడ్డం చెయ్యి పెట్టాడు. "ఆ బోర్డు కిందే మంత్రిగారు మాట్లాడుతున్నారు. దివ్యమైన ముహూర్తం అంటున్నారు. నెత్తి మీద రాహుకాలం కనిపిస్తే నా ఉద్యోగం ఊడుతుంది. ఆయన ప్రసంగం అయ్యేదాకా ఆగు, నీకు దణ్ణం పెడతాను."

స్పీకర్‌లో ఏదో ఠంగుమని కొట్టుకుంది. నూకాలమ్మ కేక వేసింది.

"అక్కడున్నది మా అమ్మ! చెయ్యి తియ్యండి!" ప్రసూన ఆయన చెయ్యి విసిరికొట్టి అసలు టైము పెట్టి మెషీన్ని లేపింది. ఈసారి నిలబడింది. కేబిన్ మెల్లగా కదిలి, అవతల కొండకి చేరింది. ప్రసూన అక్కడే కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

ఆ తర్వాత ఆమె కసిగా కూర్చుంది. గడియారం తిప్పే ఆజ్ఞని మళ్లీ ఫజర్‌లో పెట్టింది. గడియారాన్ని ఎటు తిప్పినా, ఎన్నిసార్లు తిప్పినా కెర్నల్ చెక్కుచెదరకుండా ఉండేలా సరిచేసింది. పేపర్లు మెచ్చుకున్నాయి. చిదంబరరావే వచ్చి శాలువా కప్పాడు. ఉద్యోగం ఊడలేదు లెండి, అలాంటివాళ్లవి ఊడవు.

వర్షాలు మొదలయ్యాక ఒక సాయంత్రం, పురుడు పొయ్యడానికి కొండ మీదికెళ్లిన నూకాలమ్మ ఫోన్ చేసింది. "ఐదింటికి రావలసిన రోప్‌వే బండి ఇంకా రాలేదే. ఇక్కడ పిల్లకి నొప్పులు ఎక్కువైపోతన్నాయి. చీకటి పడిపోతంది."

ప్రసూన కింది స్టేషన్‌కి ఫోన్ కలిపింది. "సింహాద్రి గారూ, ఐదూ ఇరవై అయింది. బండి పంపలేదేం?"

"మా దగ్గర ఇంకా నాలుగున్నరేనమ్మా, ఐదైతే గానీ బండి కదలదు. మన రోప్‌వే చైర్మన్ గారి కొత్త కోడలు మొదటిసారి కొండెక్కుతోంది. మంచి ఘడియ దాటకూడదన్నారు. వాళ్లు దారిలో ఉన్నారు, వచ్చేదాకా తిప్పి పెట్టమన్నారు."

"పైన ప్రాణం మీదికొచ్చింది! ముందుకి తిప్పి వెంటనే పంపండి!"

"డైరెక్టర్ గారు చెప్పందే నేను ముట్టుకోలేనమ్మా. అయినా మీరేం బెంగపెట్టుకోకండి. మీరు బాగుచేసిన దగ్గర్నుంచి రోజూ తిప్పుతున్నాం, ఒక్కసారి కూడా మొరాయించలేదు."

ఆమె ఎదురుగా తెర మీద ఫజర్ ఉత్తుత్తి గడియారాల్ని వెనక్కి తిప్పుతూనే ఉంది. ఒక్క కెర్నలూ పడలేదు.

ఇంకో ఫోన్‌లో నూకాలమ్మ లైన్‌లోనే ఉంది. దూరంగా ఎవరినో కేకేస్తోంది. "ఒరే, ఇక బండి కోసం చూడకండ్రా. డోలీ కట్టండి."