గోడ మీద ఎర్ర చుక్క

"చెయ్యి తియ్యండి! మిమ్మల్నే!"

ఆపరేషన్ థియేటర్ మొత్తం ఉలిక్కిపడింది. సర్జన్ కూడా తలెత్తి చూశాడు. అరిచింది పరికరాలు అందించే నర్సు. చీవాట్లు తిన్నవాడు యాంకర్ల కంపెనీ, అంటే తెగిన కండరాన్ని కట్టడానికి భుజం ఎముకలో బిగించే చిన్న మరల కంపెనీ తరఫున కొత్తగా వచ్చిన కుర్రాడు. అతను చేసిన నేరమల్లా, నీలం గుడ్డ పరిచిన బల్ల మీద ఏ పరికరం ముందు తియ్యాలో వేలితో చూపించబోవడం. ఆ వేలికి గ్లవ్ లేదు.

"తగల్లేదండీ," అన్నాడు మాస్కు వెనక నుంచి.

"తగిలిందో లేదో మీకెలా తెలుస్తుంది? రేపు కుట్ల దగ్గర చీము పడితే అప్పుడు తెలుస్తుంది అందరికీ. ఈ ట్రే వెనక్కి పంపండి. మళ్ళీ స్టెరిలైజ్ అయి వచ్చాకే కేసు."

సర్జన్ సణిగాడు గానీ కాదనలేదు. కంపెనీ వాళ్ళు థియేటర్లోకి రావచ్చు, చూడవచ్చు, నోటితో చెప్పవచ్చు. ముట్టుకోకూడదు. ఆ రూలు విషయంలో ఆమె దేవుడొచ్చినా వినదని అక్కడ అందరికీ తెలుసు.

ఆ తర్వాతి కేసుకి అతను చేతులు వెనక్కి కట్టుకుని గోడకి అతుక్కుపోయి నిలబడ్డాడు. కాసేపటికి ఆమె ముందున్న ట్రేలో ఒక ఎర్రటి చుక్క ప్రత్యక్షమైంది. అతని చేతిలో చిన్న లేజర్ పెన్ను ఉంది. చుక్క ఒక పరికరం మీద ఆగింది. ఆమె అది తీసి సర్జన్‌కి అందించింది. చుక్క ఇంకోదాని మీదికి జరిగింది. ఆమె అదీ తీసింది. యాంకర్ ఎముకలోకి దిగింది, దాని దారాలు తెగిన కండరం కొసలోంచి బయటికి వచ్చాయి. సర్జన్ ఆ దారాన్ని గట్టిగా లాగి చూసి "పట్టింది" అన్నాడు.

ఆ రోజు నుంచి అతని పేరు చుక్క అయిపోయింది.

చుక్కకి ఒక ఇబ్బంది ఉండేది. ఆస్పత్రిలో నర్సులందరినీ సిస్టర్ అనే పిలుస్తారు. అతను మాత్రం ఆమెని "ఏమండీ" అనేవాడు. మిగతా నర్సులు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. ఎలాగూ అందరికీ మాస్కులే కాబట్టి ఆ పని తేలికే.

"అందరినీ సిస్టర్ అంటారుగా, నన్నెందుకు అనరు?" అని ఒకరోజు ఆమె అడిగేసింది.

మాస్కు పక్కన కనిపిస్తున్న అతని చెవులు ఎర్రబడ్డాయి. "నోరు తిరగదండీ."

ఇంకోరోజు లేజర్ చుక్క ట్రేలోంచి దారి తప్పి ఆమె గ్లవ్ మీద వచ్చి ఆగింది.

"ఇది పరికరం కాదండీ," అంది ఆమె.

"సారీ. బ్యాటరీ వీక్."

"బ్యాటరీ వీకైతే చుక్క ఆరిపోతుంది. దారి తప్పదు."

క్యాంటీన్‌లో మొదటిసారి మాస్కుల్లేకుండా ఎదురుపడ్డప్పుడు అతను టీ కప్పు పట్టుకుని అలా చూస్తూ ఉండిపోయాడు. "ఏం, బాగాలేనా?" అని ఆమె దబాయించింది. "కాదండీ, ఇంకా కోపంగా ఉంటుందనుకున్నాను మొహం," అన్నాడు. ఆమెకి నవ్వాగలేదు. ఇంటికెళ్ళేదాకా ఆ మాట తలుచుకుని నవ్వుకుంటూనే ఉంది.

ఇంట్లో మాత్రం నవ్వులు లేవు. ఆమెకున్నది నాన్న ఒక్కడే. ఇళ్ళకి రంగులేసే పెయింటర్. జీవితమంతా చెయ్యి పైకెత్తి సీలింగులకి రంగులేసి భుజంలో కండరం ఎముక నుంచి తెగి ఊడిపోయింది. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని ముందుగదిలో కూర్చునేవాడు. అన్నం ఎడమచేత్తో స్పూనుతో తినేవాడు. కూతురు చూస్తే కంచం పక్కకి నెట్టేసేవాడు.

"బ్రష్షు ఎత్తలేని వాడు బతికేం లాభమే?" అన్నాడొకరోజు, చాలా మామూలుగా, టైమెంతయిందని అడిగినట్టు. ఆ మామూలుతనానికే భయపడి, మర్నాడే ఆమె తమ సర్జన్ దగ్గర ఆయన భుజానికి ఆపరేషన్ ఖాయం చేయించింది.

ఆపరేషన్ ముందురోజు స్టోర్‌రూమ్‌లో చుక్క తన పెట్టెలు సర్దుతున్నాడు. ఒకదాంట్లో కొత్తగా వచ్చిన సన్నటి యాంకర్లు ఉన్నాయి. ఇంకోటి పాత ట్రే, లావుపాటి మరలది. దాన్ని ఊరి అవతల ఇంకో ఆస్పత్రి వాళ్ళు మర్నాటికి అడిగారు.

"పంపాలా వద్దా అని చూస్తున్నాను. ఎముక మెత్తగా ఉంటే ఇవే దిక్కు," అన్నాడు.

"మా నాన్న ఎముక మెత్తనా? నిచ్చెన భుజానేసుకుని ఊరంతా తిరిగిన మనిషండీ ఆయన!" ఆమె నవ్వింది. "ఆ పాత మేకులు మాకెందుకు? పంపించెయ్యండి. మా నాన్నకి అన్నీ కొత్తవే వెయ్యాలి."

అతను ట్రే మీద చెయ్యి తియ్యలేదు. ఏదో చెప్పబోయాడు. ఆమె మొహంలోకి చూసి, "సరేనండీ," అన్నాడు.

సొంతవాళ్ళు బల్ల మీద ఉన్నప్పుడు నర్సు ఆ కేసులో నిలబడకూడదు. అదీ రూలే. అందుకని మర్నాడు ఆమె మొదటిసారి థియేటర్ బయట బెంచీ మీద కూర్చుంది. కిటికీ అద్దం మీద వాన పడుతోంది. లోపల ఎప్పుడేం జరుగుతుందో ఆమెకి కంఠతా వచ్చు. ఈపాటికి మొదటి యాంకర్ దిగి ఉంటుంది. ఈపాటికి కుట్లు వేస్తూ ఉండాలి. ఈపాటికి తలుపు తెరుచుకోవాలి. తెరుచుకోలేదు.

చివరికి చుక్క బయటికి వచ్చాడు. మాస్కు మెడ దగ్గర వేలాడుతోంది.

"నాన్నకి ప్రమాదం లేదు," అన్నాడు ముందు. ఆ తర్వాత నిలబడే చెప్పాడు. ఎముక లోపల తడిసిన సుద్దలా ఉంది. యాంకర్ దిగింది, సర్జన్ దారం లాగేసరికి దారంతో పాటు ఊడొచ్చింది. పక్కన ఇంకోటి వేస్తే అదీ ఊడింది. ఆఖరికి యాంకర్లు మానేసి, ఎముకకే సన్నటి బెజ్జాలు పెట్టి, వాటిలోంచి దారం దూర్చి అందినంత కండరం కట్టారు.

"అందినంత అంటే?"

"చెయ్యి భుజం ఎత్తు దాకా లేస్తుందంటున్నారు. ఆ పైకి లేవదు."

"పాత ట్రే ఉంటే?"

అతను నేల చూపులు చూశాడు. "పట్టేదేమో."

"ఎముకల సంగతి మీకు తెలుసా, నాకు తెలుసా?"

"నాకే తెలుసు."

"మరి నేను పంపమంటే ఎలా పంపారు?"

"మీరు నవ్వుతూ అడిగారు," అన్నాడు అతను. "కాదనలేకపోయాను."

ఆ మాట ఇంకెప్పుడైనా విని ఉంటే ఆమె గాల్లో తేలిపోయేది. ఇప్పుడు రెండడుగులు వెనక్కి వేసింది.

"ఇంకెప్పుడూ నా కళ్ళకి కనపడకండి," అంది.

అతను ఆ మాట పాటించాడు. కంపెనీ తరఫున వేరే ఆయన రావడం మొదలుపెట్టాడు. ట్రేలో చుక్క పడటం లేదు. ఆమె మాత్రం అలవాటుగా వెతుక్కునేది, ఆ మరుక్షణం తనని తానే తిట్టుకునేది.

కట్టు విప్పారు. వ్యాయామాలు చేయించారు. నాన్న చెయ్యి భుజం దాకా లేచి, గడియ పడ్డట్టు అక్కడే ఆగిపోయేది. ఒకరోజు ఆయన బ్రష్షులన్నీ చెత్తబుట్టలో పడేశాడు. ఆమె తీసి కడిగి దాచింది. పాత ట్రే పంపెయ్యమని అడిగింది తనేనని నాన్నతో చెప్పాలని రోజూ అనుకునేది. ఆయన మొహం చూడగానే కూరేం వండనని అడిగి ఊరుకునేది. తప్పంతా ఒక్కడి నెత్తిన రుద్ది తను మాత్రం కూతురిగా అన్నం కలిపి పెడుతోంది. ఆ సంగతి ఆమెని లోపల్లోపల తినేసింది.

ఒక ఉదయం చేతులు కడుక్కుంటూ సర్జన్ అన్నాడు, "ఆ చుక్క కుర్రాణ్ణి గోడౌన్ పనిలో పడేశారట, తెలుసా? ట్రే తన తెలివితక్కువతనంతోనే పంపానని కంపెనీలో ఒప్పుకున్నాడు. ఎవరైనా అడిగారా అంటే ఎవరూ లేరన్నాడట."

ఆమె చేతుల మీద నీళ్ళు అలా పోతూనే ఉన్నాయి. "సార్, అడిగింది నేనే."

సర్జన్ కుళాయి కట్టేశాడు. "కేసు మొదలుపెట్టేముందు పాత ట్రే ఉందా అని అడగాల్సింది నేను, సిస్టర్. నేనూ అడగలేదు," అని లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఆమె నాన్న ఎదురుగా నేల మీద కూర్చుని మొత్తం చెప్పేసింది. ఏడవకూడదనుకుంది, కుదరలేదు.

"ఆ ముక్క వాడు చెప్పలేదే," అన్నాడు నాన్న.

"ఎవరు?"

"ఇంకెవరు, నీ చుక్క. నువ్వు డ్యూటీకెళ్ళాక ఒకరోజు వచ్చి తప్పంతా నాదే అన్నాడు. మెడపట్టి గెంటాను. మళ్ళీ వచ్చాడు. మళ్ళీ గెంటాను. మూడోసారి వస్తే విసుగొచ్చి, నాకు పై సగం గోడ అందదు, నువ్వు నిచ్చెనెక్కి వేస్తావా అన్నాను. నువ్వు దాచిన బ్రష్షులు తీసుకుని ఆదివారాలు ఇద్దరం పనికెళ్తున్నాం."

"నాకెందుకు చెప్పలేదు నాన్నా?"

"కనపడొద్దన్నావటగా. చెప్పొద్దని బతిమాలాడు." ఆయన కుడిచెయ్యి నెమ్మదిగా లేపి ఆమె తల మీద పెట్టాడు. ఆమె నేల మీద కూర్చుని ఉంది కాబట్టి అందింది. "నా చెయ్యి మాత్రం ఇంతే తల్లీ. దాన్ని మీరిద్దరూ కలిసి ఏడ్చినా ఎత్తలేరు. నిన్ను తిట్టాలనే ఉంది. ఇవాళ ఓపిక లేదు."

ఆదివారం ఆమె సెలవు పెట్టింది. ఎవరో కొత్తగా కొనుక్కున్న ఇంట్లో, సామాను లేని గదిలో నాన్న కింద సగం వేస్తున్నాడు. బ్రష్షు భుజం దాకా వచ్చి ఆగుతోంది. నిచ్చెన మీద చుక్క తలుపు వైపు వీపు పెట్టి పై సగం పాడుచేస్తున్నాడు.

"ఏమయ్యా, అది గోడనుకున్నావా, దోసె పెనం అనుకున్నావా? సమంగా లాగు!" అని నాన్న గదమాయిస్తున్నాడు.

అతని చొక్కా కిటికీ కొక్కానికి వేలాడుతోంది. జేబులో లేజర్ పెన్ను ఉంది. గోడౌన్‌లో దానితో పనేముందో ఆమెకి అర్థం కాలేదు. అర్థమయ్యాక దాన్ని జేబులోంచి తీసింది.

సీలింగు కింద, రంగు అంటని చోట ఎర్రటి చుక్క పడింది.

నిచ్చెన మీద బ్రష్షు ఆగిపోయింది. అతను వెనక్కి తిరగలేదు. చుక్క ఉన్నచోట జాగ్రత్తగా రంగు వేశాడు. చుక్క పక్కకి జరిగింది. అక్కడా వేశాడు. ఇంకా పక్కకి జరిగింది. అలా అతను వదిలేసిన చోట్లన్నీ అయిపోయాక చుక్క మెల్లగా వచ్చి రంగు మరకలున్న అతని చేతి మీద ఆగింది.

"ఏమండీ," అన్నాడు అతను గోడతోనే. "ఇది గోడ కాదండీ."

"బ్యాటరీ వీక్," అంది ఆమె.

అతను కిందికి దిగాడు. ఆమె ఎదురుగా నిలబడి, పాత అలవాటుగా రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. ఆమె వెళ్ళి ఆ చేతుల్ని ముందుకి లాగి పట్టుకుంది. రంగు ఆమెకీ అంటుకుంది.

నాన్న వాళ్ళ వైపు చూడలేదు. గోడ మధ్యలో, తన భుజం ఎత్తున, రెండు సగాలూ కలిసే గీత స్పష్టంగా కనపడుతోంది. దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"రెండో కోటు వెయ్యాలి. అయినా అతుకు కొంచెం కనపడుతుంది," అన్నాడు. "ఏం చేస్తాం, ఉండనీ. అమ్మాయ్, నువ్వూ ఒక బ్రష్షు తీసుకో."

ఆమె బ్రష్షు తీసుకుని ఆ గీత దగ్గర నిలబడింది.