రామసుబ్బమ్మ పేరున

"నా బిడ్డ యాడమ్మా? నా రామసుబ్బ యాడుండాది?"

గడపలో నిలబడి ఆ ముసలామె అడిగిన మాటకు నీలావతి చేతిలోని గంజి గిన్నె కింద పెట్టేసింది! పక్షవాతంతో మంచం పట్టిన తండ్రి రంగప్పకు గంజి తాగిద్దామని అప్పుడే కూర్చుంది. తండ్రిని కడసారి చూసుకుపోదామని ఇద్దరు పిల్లల్నీ మలయాలో భర్త దగ్గర వదిలి, ఓడెక్కి, రైలెక్కి పెనుకొండ చేరి ఎన్నో రోజులు కాలేదు. ఇంతలోనే ఈ మాట...!

"హిందూపురం నుంచి వస్తాండా తల్లీ. నా పేరు అక్కమ్మ. ధర్మవరం చెన్నకేశవులుకు అత్తను. మా వీధి మార్కండేయులు రైల్లో పని చేస్తాడు. ఈడ స్టేషన్‌లో పెట్టె దించుతాంటే చూసినాడంట. పెట్టె మీద మా అల్లుని పేరు, నా బిడ్డ పేరు రాసుండాయంట! కూలోన్ని అడిగితే ఈ ఇల్లు చూపించినాడు. పన్నెండేండ్లాయ తల్లీ నా బిడ్డ మొగం చూసి... దాన్ని పిలువు!"

చంకలో చిన్న మూట. కూతురికని నువ్వులుండలు చుట్టుకొచ్చింది. ఒంటి మీద కొత్త మడతలు పోని ధర్మవరం పట్టుచీర. మొగుడు పోయినదాన్ని నాకెందుకు పట్టు అని పెట్టెలో దాచుకున్న చీరల్లో ఒకటి, బిడ్డ పంపిన చీర గదా, బిడ్డ చూస్తే సంతోషపడుతుందని ఈ ఒక్కనాటికి కట్టుకొని వచ్చింది ఆ తల్లి!

నీలావతికి మూలనున్న ఇనప్పెట్టె మీది తెల్లని అక్షరాలు తనను చూసి పళ్లికిలిస్తున్నట్టు అనిపించింది. మంచంలోంచి రంగప్ప వంకరపోయిన నోటితో, "చెప్పు... చెప్పేయమ్మా..." అన్నాడు.

"అమ్మా... ఆ రామసుబ్బమ్మ... కాగితాల్లో నేనే."

ముసలామె పళ్లు లేని నోటితో హాయిగా నవ్వింది. "నీదీ అదే పేరా తల్లీ! మంచిదే! మళ్ల నా రామసుబ్బ యాడుండాది?"

అయ్యో భగవంతుడా! ఆ నవ్వును చెరిపే మాట తన నోటితోనే చెప్పాలి!

నీలావతి పెళ్లి తిరుపతి కొండ మీద, పట్టుమని పదిమంది లేకుండా జరిగింది. చెన్నకేశవులు మలయాలో రబ్బరు తోటల్లో గుమాస్తా. మొదటి భార్య జ్వరమొచ్చి పోయిందని, పిల్లల్లేరని, ఆమెకు మిగిలిన ఒక్క తల్లికీ ఈ సంగతంతా తెలుసునని చెప్పాడు. తల్లి లేని పిల్ల, ఎక్కడైనా సుఖపడితే చాలుననుకొని రంగప్ప తలూపాడు. మద్రాసు చేరాకనే అసలు మాట బయటపడింది. ఆ దేశంలో చట్టాలు గట్టిపడ్డాయనీ, కొత్త భార్యను తీసుకుపోవాలంటే అనుమతికి ఏళ్లు పడతాయనీ, మొదటి భార్య కాగితాలు ఇంకా చెల్లుతున్నాయనీ, అందులో ఫోటో మారిస్తే సరిపోతుందనీ అన్నాడు. "ఓడ దిగేదాకా నువ్వు రామసుబ్బమ్మవి. దిగినాక నా నీలావతివే" అని బతిమాలాడు. కొత్త పెళ్లికూతురు... పుట్టింటికి తిరిగిపోతే తండ్రికి తలవంపులు... ఊఁ అంది.

ఓడ దిగింది. పేరు మాత్రం దిగలేదు! అక్కడి గుర్తింపు కార్డులో రామసుబ్బమ్మే. రేషనులో రామసుబ్బమ్మే. కొడుకు పుట్టినప్పుడు ఆస్పత్రిలో నర్సు ఆ పేరు పెట్టి పిలుస్తుంటే, మరెవరినో అనుకొని పురిటి మంచం మీద పలక్కుండా పడుకుంది. కడుపు చించుకు పుట్టిన బిడ్డకు తల్లిగా చచ్చిపోయిన మనిషి పేరు రాశారు! కూతురు పుట్టినప్పుడూ అంతే. కొన్నాళ్లకు భర్త కూడా, నలుగురిలో పొరపాటు దొర్లుతుందేమోనని ఇంట్లోనూ 'రామసుబ్బా' అనే పిలవడం అలవాటు చేసుకున్నాడు. "ఒక్కసారి... మనమిద్దరమే ఉన్నప్పుడైనా నీలావతీ అనండి" అని ఏడ్చిన రోజులున్నాయి. "పేరులో ఏముంది? పిచ్చిదానా!" అని నవ్వేవాడు.

ఇదంతా వెక్కిళ్ల మధ్య చెప్పింది నీలావతి. అక్కమ్మ మూట దించలేదు. కూర్చోలేదు. కన్నీరైనా పెట్టలేదు.

"అయితే... నా బిడ్డ చచ్చిపోయిందా?"

"నీకు తెలుసని చెప్పినాడమ్మా నాకు! నా పిల్లల మీద ఒట్టు!"

"మళ్ల ఏటేటా చీర ఎవరు పంపినారు? ధర్మవరం నుంచి వాని అన్న తిమ్మప్ప వచ్చి, 'అత్తా, నీ బిడ్డ పంపింది కట్టుకో, బాగుండాదంట' అని ఇచ్చిపోతాండె గదా..." అంటూనే ఆమె ఒంటి మీది చీర వైపు చూసుకుంది. మీద పాము పాకినట్టు రెండు చేతులతో ఆ కొంగును దూరంగా పట్టుకుంది. "దొంగలు! దొంగముండాకొడుకులు! నా బిడ్డ పీనుగను దాచిపెట్టి పేరు అమ్ముకున్నారే! పోలీసులకు చెప్తా... కలెక్టరు కాళ్ల మీద పడి చెప్తా!"

"అమ్మా, నా బిడ్డకు పిల్లోళ్లుండారు..." అంటూ మంచం మీంచి చెయ్యెత్తబోయాడు రంగప్ప. చెయ్యి లేవలేదు. అక్కమ్మ వినిపించుకోకుండా గిర్రున తిరిగి వెళ్లిపోయింది.

మరునాడే నీలావతి ధర్మవరం వెళ్లి బావగారిని నిలదీసింది. తిమ్మప్ప మగ్గం మీంచి తల కూడా ఎత్తలేదు.

"సావు బయటపడితే పేరుకూ సావే. మళ్ల నువ్వెట్లా పోతాంటివి ఆ దేశానికి? ముసిల్ది సంతోషంగా ఉండాల్లనే నా మగ్గం మీద నేసి చీర ఇచ్చినా. తప్పేముండాది?"

"ఆమె కన్నతల్లి బావా!"

"నువ్వూ తల్లివే గదా! ఆ ముసిల్ది నోరు తెరిసిందంటే నిన్ను ఓడెక్కనీరు. నీ మొగుడు జైలుకు పోతాడు. పిల్లోళ్లు ఆడ దిక్కులేకుండా పడుంటారు. పోయి కాళ్లు పట్టుకుంటావో, ఏం చేస్తావో!"

నీలావతి హిందూపురం రైలెక్కింది. కిటికీ పక్కన కూర్చుందన్న మాటే గాని దారిలో ఏ ఊరూ కంటికి ఆనలేదు. కాళ్లు పట్టుకోవాలా...? ఏమని పట్టుకోవాలి? 'నీ బిడ్డ చావును మింగేసుకో, నా బిడ్డల కోసం' అని అడగాలా? ఏ తల్లి ఏ తల్లిని అడగగలదు ఆ మాట! అడగకపోతే, సాయంత్రం కాగానే వాకిట్లో నిలబడి తనకోసం చూసే ఆ చిన్నదాని కళ్లు...

అక్కమ్మ ఇంటి తలుపు తీసే ఉంది. పాత నేతచీరలో, గోడకానుకొని కూర్చుని ఉంది. పొయ్యి రాజెయ్యలేదు. నువ్వులుండల మూట విప్పకుండానే పక్కన పడి ఉంది. నీలావతి ఆమె పాదాల దగ్గర కూలబడింది.

ముసలామే ముందు అడిగింది. "నా బిడ్డను యాడ పూడ్చినారు?"

"రబ్బరు తోటలోనేనంటమ్మా... మా పక్కింటామె చెప్పింది. ఆమే ఆఖరున నోట్లో నీళ్లు పోసిందంట."

"నన్ను తలుచుకుందా?"

"మా అమ్మకు చెప్పద్దు, తట్టుకోలేదు అన్నదంట..."

అక్కమ్మ కళ్లు మూసుకుంది. "ఎవరూ చెప్పనే లేదు" అంది గొణుగుతున్నట్టు. మళ్లీ అడిగింది, "నీ పిల్లోళ్లు బళ్లో అమ్మ పేరేమని చెప్తారు?"

నీలావతి తల వాల్చేసింది. "రామసుబ్బమ్మ... అనే చెప్తారమ్మా. నా పేరు వాళ్లకు తెలీదు."

ముసలామె చెయ్యి తడుముకుంటూ వచ్చి ఆమె తల మీద వాలింది. ఆ చెయ్యి దీవించడానికి వచ్చిందో, పట్టు దొరక్క వచ్చిందో...! "నా కడుపుకోతకు నువ్వు కత్తి పట్టలేదులే. నిన్నూ కోసినారు. పో తల్లీ. నేనెవరికీ చెప్పను."

అంతలో వాకిట్లో అలికిడి! మార్కండేయులు వీధంతా చాటాడేమో, ఇరుగుపొరుగు ఆడవాళ్లు నలుగురైదుగురు గుంపుగా వచ్చేశారు.

"అక్కమ్మత్తా! మలయా నుంచి వచ్చినామె ఈమేనా? పెనుకొండకు పోయి వచ్చినప్పటి నుంచి పలకవేమి! నీ బిడ్డ రాలేదా? ఎట్లుండాదంట రామసుబ్బ?"

గోడ పట్టుకొని అక్కమ్మ లేచి నిలబడింది. కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ మొహంలోకి నవ్వును ఎక్కణ్ణుంచి లాక్కొచ్చిందో ఆ దేవుడికే తెలియాలి!

"బాగుండాది... నా బిడ్డ బాగుండాది. ఇద్దరు పిల్లోళ్లంట. బడికి పోతాండారంట. దానికి పనులు తీరక రాలేకపోయింది. ఈయమ్మ ఆడ దాని పక్కింట్లోనే ఉంటాది, దాని పెట్టె అడిగి తెచ్చుకుంది, బాగోగులు చెప్పిపోదామని వచ్చింది. కూచోండి, మజ్జిగ తెస్తా."

లోపలి గదిలోకి వెళ్లింది. చెంబు చప్పుడు కాలేదు. కొంగు నోట్లో కుక్కుకున్న మనిషి గొంతులోంచి వచ్చే మూలుగు ఒక్కటి సన్నగా, ఆగి ఆగి వినిపించింది. బయట ఆడవాళ్ల నవ్వుల్లో అది ఎవరి చెవినా పడలేదు. నీలావతి ఒక్కదానికే వినిపించింది. లేచి పోయి ఆ తల్లిని కావలించుకుందామంటే అందరి కళ్లూ తన మీదే ఉన్నాయి. చచ్చిపోయిన బిడ్డ కోసం గొంతెత్తి ఏడ్చే హక్కును కూడా తన పిల్లలు లాగేసుకున్నారు గదా ఆమె దగ్గర!

"ఆడ వరన్నం తింటారా అమ్మా? వానలు బాగా పడతాయంట గదా?" అని అడుగుతున్నారు వాళ్లు. నీలావతి నవ్వు పులుముకొని జవాబులు చెబుతోంది.

"అంతా అడుగుతాండాం గానీ, నీ పేరే అడగలేదు సూడు! ఏం పేరమ్మా నీది?" అంది వాళ్లలో పెద్దామె.

పెళ్లయిన తర్వాత పైవాళ్లకు తన అసలు పేరు తన నోటితో చెప్పుకోవడం ఇదే మొదటిసారి!

"నీలావతి" అంది.

లోపలి మూలుగు ఒక్క క్షణం ఆగింది. మళ్లీ మొదలైంది.