మహారాణి ముక్కుకు మందు

ఆదివారం పొద్దున్న ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేవి పిట్టలు. వాటి వెనకే లేచేది, వాటిని తిట్టడానికి, ఇంటి ఇల్లాలు.

"తెల్లారిందో లేదో సంత మొదలైంది! చెవులు కోసి పక్కన పెట్టుకోవాలి తప్ప ఈ ఇంట్లో బతకలేం," అంటూ ఆవిడ పొయ్యి మీద టీకి నీళ్ళు పెట్టింది. "ఏమండీ! మీ లవ్‌బర్డ్స్‌కి కాస్త గొంతు తగ్గించుకోమని చెప్పండి."

"లవ్‌బర్డ్స్ కాదే, బడ్జీలు. చిన్నజాతి చిలకలు," అని లోపలి గదిలోంచి రోజూ వచ్చే జవాబే వచ్చింది. పెళ్ళయిన కొత్తలో ఇన్నిసార్లు మాట్లాడి ఉంటే బాగుండేదని ఆవిడ అనుకుంది.

ఆవిడ మందుల షాపులో కౌంటర్ దగ్గర పని చేస్తుంది. వీధిలో అందరికీ మందులక్క. ఎవరికి జలుబు చేసినా, ఎవరి నడుము పట్టేసినా డాక్టరుకంటే ముందు ఆవిడ తలుపే తడతారు. అవతలివాళ్ళు సగం చెప్పేలోపే మిగతా సగం ఆవిడే చెప్పేసి, వేసుకోవలసిన మాత్ర కూడా చెప్పి పంపిస్తుంది. మొగుడు లిఫ్టు మెకానిక్. లిఫ్టుల్లో ఇరుక్కున్నవాళ్ళని బయటికి తీయడం ఆయన ఉద్యోగం. ఇంటికి రాగానే పిట్టల గదిలో ఇరుక్కుని, భోజనానికి కూడా బయటికి రాకపోవడం ఆయన అలవాటు.

ఆ పిట్టల గది ఒకప్పుడు వాళ్ళ ఒక్కగానొక్క కూతురు చిట్టిది. దానికి పెళ్ళిచేసి పంపాక బల్ల ఉన్నచోట పంజరాలొచ్చాయి, పుస్తకాల అరలో గూటిపెట్టెలొచ్చాయి. ఇప్పుడు చిట్టి పెట్టె పట్టుకుని తిరిగొచ్చింది. ఎందుకొచ్చావని తల్లి అడిగితే చెప్పలేదు. వెళ్ళనని మాత్రం చెప్పింది. గది అడిగితే తండ్రి తల గోక్కున్నాడు.

"గుడ్ల మీదున్నాయమ్మా. ఇప్పుడు గూళ్ళు కదిలిస్తే వదిలేసి పోతాయి. కొన్నాళ్ళు హాల్లో సర్దుకో," అన్నాడు.

కన్నకూతురు సోఫాలో ముడుచుకుని పడుకుంటే పిట్టలకి కిటికీ ఉన్న గది! మందులక్కకి ఒళ్ళు మండిపోయింది. కానీ ఎవరిమీద మండాలో తేలలేదు. మొగుణ్ణి అడిగితే పిట్టలకి కొర్రలు అయిపోయాయంటాడు. కూతుర్ని అడిగితే గోడకేసి తిరుగుతుంది. ఈ ఇంట్లో పిట్టలు తప్ప ఎవరూ నోరు విప్పరని ఆవిడ బాధ.

పోనీ తండ్రి ఊరికే ఉన్నాడా అంటే, అదీ లేదు. ఎవరితోనూ ఒక్క మాట అనకుండా వియ్యంకుడికి ఫోన్ చేశాడు. "ఆదివారం సాయంత్రం అబ్బాయిని తీసుకుని రండి బావగారూ, పిల్లని పంపించేస్తాను," అని చెప్పేశాడు. ఆ సంగతి నిన్న తెలిసినప్పట్నించీ చిట్టి పెట్టె సర్దుకోలేదు, అన్నం కూడా సరిగ్గా తినలేదు.

టీ తాగేటప్పుడు ఆయన గుప్పిట్లో నీలంరంగు బడ్జీపిల్లని పట్టుకొచ్చాడు. అప్పుడే ఈకలు నిండుగా వచ్చి, తలమీద సన్నటి నల్లచారలతో ముచ్చటగా ఉంది.

"చూశావా చిట్టీ! తల్లీ తండ్రీ ఇద్దరూ ఆకుపచ్చే. పుట్టింది మాత్రం నీలం."

"అదెలా నాన్నా?"

అడగడమే పాపం, ఆయన కుర్చీ లాక్కున్నాడు. "నీలం ఆ ఇద్దరిలోనూ దాక్కుని ఉంది. పచ్చరంగు దాన్ని పైకి కనపడనివ్వదు. ఒక్కరిలోనే ఉంటే పిల్లల్లో బయటపడదు, ఇద్దరిలోనూ ఉండాలి. ఎంత అనుభవం ఉన్నవాడైనా పిట్టని పైకి చూసి లోపల ఏం మోస్తోందో చెప్పలేడమ్మా."

"చెప్పలేడు కదా," అంది చిట్టి. తండ్రి ముఖంలోకి కాసేపు చూసి, కప్పు తీసుకుని లేచిపోయింది.

"అర్థమైందంటావా దానికి?" అన్నాడాయన సంబరంగా.

"దానికి అర్థమైంది. మీకే ఇంకా కాలేదు," అని ఆవిడ గిన్నెలు ధడేల్మని పెట్టింది.

అంతలో ఫోన్ మోగింది. ఎక్కడో లిఫ్టు ఆగిపోయింది, లోపల మనుషులున్నారు. ఆయన టార్చీ, పనిముట్ల సంచీ తీసుకుని బయల్దేరాడు. "నీళ్ళు మార్చు, గింజలు వెయ్యి. గూటిపెట్టెలు మాత్రం తెరవకు. మహారాణి గుడ్ల మీదుంది," అని గడప దాటాక కూడా రెండుసార్లు చెప్పాడు.

మహారాణి అంటే ఆ నీలంపిల్లని కన్న ఆకుపచ్చ తల్లి. ఆయన ప్రాణమంతా దానిమీదే ఉంటుంది. ఇప్పుడది మళ్ళీ గుడ్లు పెట్టింది. వాటిలో ఏ రంగు దాక్కుందోనని ఆయన వారం పొడుగునా పలవరిస్తున్నాడు.

మందులక్క సణుగుతూనే గింజల పొట్టు ఊదింది, నీళ్ళు మార్చింది. పిట్టలు ముక్కు అరగదీసుకోవడానికి పంజరంలో కట్టిన సముద్రపు నురుగు ముక్క అరిగిపోతే కొత్తది పెట్టింది. గూటిపెట్టెలు తెరవలేదు. కానీ మహారాణే మేతకోసం బయటికొచ్చి పంజరంలోని కొమ్మమీద వాలింది. ఆవిడ దాని ముఖం చూసి ఉలిక్కిపడింది. ముక్కు పైన ఉబ్బెత్తుగా ఉండే చర్మం ముదురు గోధుమరంగుకి తిరిగి, ఎండిన పుండులా పెచ్చులు కట్టి ఉంది. పక్కనే ఉన్న మగపిట్ట ముక్కు చూస్తే నున్నగా, నీలంగా మెరిసిపోతోంది.

"అయ్యో, ఎంత ముదరబెట్టాడు! రంగుల పిచ్చి తప్ప రోగం పట్టదు ఈ మనిషికి!"

ఫోన్ చేద్దామా అని ఒక్క క్షణం అనుకుంది. ఇన్నేళ్ళుగా మందుల మధ్య మసలుతున్న మనిషికి చర్మరోగం గుర్తుపట్టడానికి ఒకరిని అడగాలా? పైగా అంటుకునే రకంలా ఉంది. మిగతావాటికి పాకకముందే వేరుచేయాలి. తువ్వాలు కప్పి మహారాణిని ఒడుపుగా పట్టుకుంది. అది వేలు కొరికినా వదల్లేదు. దూదిపుల్లతో ముక్కుకి దట్టంగా పూతమందు రాసి, చిల్లులు పొడిచిన మందుల అట్టపెట్టెలో పెట్టి, వంటింట్లో గట్టు మీద ఉంచింది.

"అమ్మా, నాన్నని అడిగి చేయాల్సింది," అంది చిట్టి గుమ్మంలో నిలబడి.

"ఆయన్ని అడిగితే పచ్చ, నీలం అంటారు. జబ్బు నాకు తెలుసుగా."

చిట్టి నవ్విందో, నిట్టూర్చిందో తెలియలేదు. "అవును, నీకెప్పుడూ ముందే తెలుసు," అని వెళ్ళిపోయింది. ఆ మాట మందులక్కకి అరికాల్లో ముల్లులా దిగింది. ఇల్లు చేరిన మొదటిరోజు చిట్టి ఏదో చెప్పబోయింది. 'అమ్మా, ఆయన అసలు...' అని మొదలుపెట్టింది. 'మొదట్లో అందరికీ ఉండేదేనే, ఓపిక పడితే అదే సర్దుకుంటుంది,' అని ఆవిడ వెంటనే చెప్పేసింది. ఆ తర్వాత చిట్టి మళ్ళీ నోరు విప్పలేదు.

మధ్యాహ్నం తండ్రి తిరిగొచ్చాడు. చెమటలు తుడుచుకోకుండానే పిట్టల గదిలోకి వెళ్ళాడు. మరుక్షణం అక్కడినుంచి కేక వినిపించింది.

"మహారాణి ఏది?"

"వంటింట్లో ఉంది, కంగారుపడకండి. ముక్కుకి చర్మరోగం. వేరుచేసి మందు రాశాను," అంది ఆవిడ, కాస్త మెచ్చుకోలు కూడా ఆశిస్తూ.

ఆయన గూటిపెట్టె మూత తీసి గుడ్ల మీద వేలు పెట్టాడు. ముఖం పాలిపోయింది. "చల్లబడిపోయాయి. అన్నీ చల్లబడిపోయాయి. ఎంత పని చేశావే!"

"రోగమొచ్చిన దాన్ని గుడ్ల మీద ఉంచమంటారా?"

"రోగం కాదే! గుడ్లు పెట్టే కాలంలో ఆడబడ్జీకి ముక్కు అలాగే గోధుమరంగుకి తిరుగుతుంది. అలాగే పెచ్చుకడుతుంది. అది పూర్తి ఆరోగ్యంగా ఉందని గుర్తు! నిక్షేపంలా ఉన్నదాన్ని పట్టుకుని, ఆ జిడ్డంతా పూసి, గుడ్ల మీంచి లాగేశావు!" ఎన్నేళ్ళకోగానీ అరవని మనిషి గొంతు చించుకుని అరిచాడు. "ఒక్క ఫోన్ చేసి అడిగితే ఏం పోయింది? పైపైన చూసి, దాని మంచీచెడ్డా నువ్వే తేల్చేసి, దాన్ని ఎక్కడ ఉంచాలో కూడా నువ్వే నిర్ణయించేస్తావా? తెలియనప్పుడు అడగాలని తెలీదూ?"

హాల్లోంచి చిట్టి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నువ్వు అడిగావా నాన్నా?"

"ఏంటమ్మా?"

"నన్ను. ఎందుకొచ్చావని నువ్వు ఒక్కసారైనా అడిగావా? లోపల ఏముందో పైకి చూసి చెప్పలేమని పొద్దున్నే చెప్పావుగా. మరి నాకేమీ కాలేదని నీకెవరు చెప్పారు? వాళ్ళకి ఫోన్ చేసేముందు నాతో ఒక్క మాట చెప్పావా? అమ్మేమో నేను నోరు తెరవకముందే మందు చెప్పేసింది. నువ్వు అసలు నోరే తెరవనివ్వలేదు. గుడ్లు చల్లబడితే ఇంత గొంతు లేచింది కదా నాన్నా. నాకోసం ఎందుకు లేవలేదు?"

చిట్టి వెళ్ళి సోఫాలో కూర్చుని మోకాళ్ళ మీద తల పెట్టుకుంది.

ఆయన గుడ్లని ఒక్కొక్కటే తీసి, పక్క గూట్లో గుడ్ల మీదున్న పసుపుపిట్ట కిందికి చేర్చాడు. బతుకుతాయో లేదో ఆయనకీ తెలియదు. వంటింట్లో మందులక్క మహారాణి ముక్కుమీది మందుని తడి దూదితో మెల్లగా తుడుస్తోంది. ఈకలకి అంటిన జిడ్డు ఓ పట్టాన వదలడం లేదు. కళ్ళనీళ్ళు అడ్డం వచ్చి ఆవిడకి పిట్ట సరిగ్గా కనబడటం లేదు.

"మీరు దాన్నెందుకు అడగలేదండీ?" అంది, ఆయన వెనక నిలబడ్డాడని తెలిసి.

ఆయన తల దించుకుని అన్నాడు. "ఆ సంబంధం తెచ్చింది నేనే. దాన్ని అడిగితే నేను తప్పు చేశానని చెబుతుందేమోనని భయమేసింది. అడక్కపోతే అదే సర్దుకుంటుందనుకున్నాను."

"నేను మాత్రం? అది చెబుతుంటే వినే ధైర్యం లేకే ఓపిక పట్టమన్నాను."

ఆవిడ మహారాణిని ఆయన చేతికిచ్చింది. ఆయన దాన్ని పంజరంలో వదిలి హాల్లోకి వచ్చాడు. చిట్టి పక్కన కూర్చుని "అమ్మా" అన్నాడు. చిట్టి తలెత్తి ఏదో అంది. లోపల పిట్టలన్నీ ఒక్కసారిగా గోల పెట్టడంతో ఆయనకి వినపడలేదు. "ఏంటమ్మా?" అంటే చిట్టి తల అడ్డంగా ఊపి మళ్ళీ మోకాళ్ళ మీద పెట్టేసుకుంది.

ఆయన దిగ్గున లేచాడు. మంచం మీది దుప్పట్లు రెండూ లాక్కుని పిట్టల గదిలోకి వెళ్ళాడు. పట్టపగలు, ఎండ కిటికీలోంచి పడుతుండగా, పంజరాలన్నీ కప్పేశాడు. పిట్టలు రాత్రయిందనుకుని కువకువలాడి, ఒక్కొక్కటే సద్దుమణిగాయి. ఆయన వచ్చి, ఈసారి సోఫా మీద కాకుండా కూతురికి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"ఇప్పుడు చెప్పు. ఏం జరిగిందో మొదట్నించీ చెప్పు. నేను వింటాను."

చిట్టి మెల్లగా మొదలుపెట్టింది.

"కొట్టరు నాన్నా. తిట్టరు. అందుకే ఎవరికైనా ఏం చెప్పాలో తెలిసేది కాదు. నేను ఆయనకి నచ్చని మాట ఒక్కటంటే చాలు, మాట్లాడటం మానేస్తారు. ఒకరోజు రెండ్రోజులు కాదు, నెలలు. ఎదురుగా నేను కూర్చుని ఉండగానే, 'ఉప్పు అందించమనమ్మా' అని వాళ్ళమ్మకి చెబుతారు. నేను ఏడ్చినా వినపడనట్టే ఉంటారు. ఒకరోజు నా గొంతు పనిచేస్తోందో లేదోనని స్నానాలగదిలోకి వెళ్ళి నాతో నేనే మాట్లాడుకున్నాను..."

తండ్రి కళ్ళు నిండిపోయాయి. తుడుచుకోలేదు. మందులక్క వచ్చి కూతురి కాళ్ళ దగ్గర కూలబడింది. 'వాళ్ళమ్మతో చెప్పించాల్సింది', 'డాక్టర్‌కి చూపించాల్సింది' అని ఎన్నో మందులు ఆవిడ నాలుక చివరిదాకా వచ్చాయి. కష్టం మీద అన్నింటినీ మింగేసి కూతురి పాదం పట్టుకుని కూర్చుంది.

ఫోన్ మోగింది. వియ్యంకుడు. చిట్టి చటుక్కున ఆగిపోయి తండ్రివైపు బెదురుగా చూసింది.

ఆయన ఫోన్ ఎత్తాడు. "లేదు బావగారూ, బయల్దేరకండి... నేనే రమ్మన్నాను, నిజమే. అడక్కుండా రమ్మన్నాను, అది నా తప్పు... లేదండీ, ఇప్పుడు వివరంగా మాట్లాడలేను. మా అమ్మాయి నాతో మాట్లాడుతోంది. ఇంకా పూర్తికాలేదు. రావాలో వద్దో అదే చెబుతుంది."

ఫోన్ కట్టేసి, మళ్ళీ మోగకుండా దాని నోరు నొక్కి, బోర్లించి పక్కన పెట్టి, కూతురి దగ్గరికి ఇంకాస్త జరిగి కూర్చున్నాడు.

"ఆఁ, చెప్పమ్మా. స్నానాలగదిలోకి వెళ్ళావు. తర్వాత?"