మందులో వాటా

"వేలు ఇటియ్యి."

"ఇంతవరకూ తీసిన నెత్తురంతా ఏటి సేసినావు, సూదమ్మా? తాగీసినావా?" అన్నాడు యువరాజు.

గౌతమి నవ్వలేదు. పలాసలో ల్యాబ్ టెక్నీషియన్ ఆమె. మలేరియా క్రిమి మందుకు ఇంకా లొంగుతోందా, ఎదురు తిరుగుతోందా అని ఏటేటా చూసే పరీక్ష ఆమెది. రోగి చేత మూడు రోజులు కళ్లెదుట మాత్రలు మింగించాలి. ఇరవై ఎనిమిదో రోజు దాకా నెత్తురు చూస్తూ ఉండాలి.

మందస అవతలి తీరంలో అందరికంటే పొగరుబోతు రోగి ఇతనే. అందరికంటే ముందు గుర్తొచ్చేదీ ఇతనే. అదే ఆమెకు చిరాకు.

అది పద్నాలుగో రోజు. నెత్తురులో మళ్లీ క్రిమి కనిపించింది.

"మందు ఓడిపోయిందని రాసెయ్. ఇలాంటివి ఇంకొన్ని వస్తే జిల్లాకంతా మందు మార్చాలి," అన్నాడు ఫోన్లో ఆఫీసర్ మహీధర్.

గౌతమి రాయలేదు. అప్పట్లో, మూడో రోజు మాత్రలు మింగించడానికి ఆమె వెళ్లేసరికి యువరాజు పడవ నీళ్లలోకి దిగిపోతోంది. "సముద్రంలో ఏసుకుంతాను" అంటూ మాత్రలు లాక్కుపోయాడు. కొడుకు మింగాడని అతని తల్లి కాసులమ్మ సాయంత్రం గంగమ్మ మీద ఒట్టేసింది. తన ఎదుటే మింగినట్టు గౌతమి సంతకం పెట్టేసింది.

ఫోన్ వచ్చిన మర్నాడు వల బాగుచేస్తున్న యువరాజు ముందు నిలబడింది.

"మూడో రోజు మాత్రలేం చేశావు?"

"నడిసముద్రంలో మా పడవోడు కామేశ్‌కి జొరం వచ్చీసింది. నాకు తగ్గిపోనాది గదా. ఆడికి ఇచ్చీసినాను."

"మందు కూడా చేపలనుకున్నావా, వాటాలేసుకోడానికి?"

"పడవలో నాలుగు మెతుకులున్నా వాటాయే. ఒక్కడే తినీసినోడు మనిసి కాదు."

"మహా మనిషివి. క్రిమి నీలోనూ సగమే చచ్చింది, వాడిలోనూ సగమే. మిగిలింది మందుకు అలవాటు పడితే రేపు మీ ఊరికి ఏం పోస్తావు, ఉప్పునీళ్లా? నా సంతకం అబద్ధమైంది. ఉద్యోగం పోయినా పోతుంది."

యువరాజు వల పక్కన పడేసి లేచాడు.

మరుసటి రోజు నిజం చెప్పడానికి ఆమె ఆఫీసుకు వెళ్లేసరికి, కామేశ్‌ని వెంటబెట్టుకుని యువరాజు మహీధర్ ముందు నిలబడి ఉన్నాడు.

"తప్పు నాది, సారూ. ఆవిడది కాదు."

"సంతకం నాది, సార్," అంది గౌతమి.

మహీధర్ ఇద్దరినీ ఎగాదిగా చూశాడు. "వీడి కేసు పరీక్ష లెక్కలోంచి కొట్టెయ్. ఇంకోసారి చూడకుండా సంతకం పెడితే నిన్ను కొట్టేస్తాను. ఈ కుర్రాళ్లిద్దరికీ మళ్లీ మందు మొదలుపెట్టు."

వరండాలో మాత్రలు చేతిలో పెడుతుంటే యువరాజు అడిగాడు. "కేసు తీసీసినారు. ఇంక మా ఊరు రావా?"

"మూడు రోజులు వస్తాను. మింగి, నోరు తెరిచి చూపించాలి."

"ఆ తరవాత?"

"మందులో తప్ప అన్నిట్లో నాకు వాటా ఇస్తానంటే, తర్వాత కూడా వస్తాను."

యువరాజు పక్కనున్న కామేశ్ వైపు చూడనైనా చూడలేదు. మాత్రలు ఒక్క గుక్కలో మింగేసి, ఆమె ముందు నోరు బారుగా తెరిచాడు.