గోడ మీది నవ్వు

పొద్దున్నే పెరట్లో కూర్చుని పెయింటర్ కుంచెలు కిరసనాయిలులో కడుగుతున్నాడు. వంటింట్లో భార్య కాఫీ కలుపుతోంది. ఆఫీసుకి బయల్దేరే ముందు కోడలు బట్టలు ఆరవేస్తోంది. ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నారు. ఒక్క మాట మాత్రం ముగ్గురూ ఎత్తకుండా జాగ్రత్తపడుతున్నారు.

బస్టాండు ఎదురుగా ఉన్న పొడవాటి గోడ మీద, ఊళ్ళోంచి సైన్యానికి వెళ్ళిన వాళ్ళందరి బొమ్మలూ వేసే పని ఆయనకి అప్పగించారు. తిరిగొచ్చిన వాళ్ళూ, రాని వాళ్ళూ ఒకే వరసలో. ఎల్లుండి ప్రారంభోత్సవం. వరస దాదాపు పూర్తయింది. చివర ఒక్క చోటు మాత్రం తెల్లగా అలాగే ఉంది. అది తిరిగిరాని ఆయన కొడుకుది.

కాఫీ గ్లాసు అందిస్తూ భార్యే అడిగింది, ఇవాళైనా వేస్తారా అని. అడుగు పూత ఇంకా ఆరలేదన్నాడాయన.

“అందరి పూతా ఆరింది. వాడిదొక్కటే ఆరలేదా?”

ఆయన కుంచె వైపే చూస్తున్నాడు.

“ఊళ్ళో పిల్లలందర్నీ వరసలో నిలబెట్టి, మన అబ్బాయిని బయట ఉంచుతారా? ఆ చోటు ఖాళీగా ఉంటే మాత్రం నేను గడప దాటి రాను.”

ఆవిడ గొంతు పెంచలేదు. ఆయన కుంచెని మళ్ళీ కిరసనాయిలులో ముంచాడు.

అంతలో వీధి గుమ్మంలో దగ్గు వినిపించింది. సైన్యంలో లారీ నడిపి ఎప్పుడో రిటైరైన పెద్దాయన. తన బొమ్మ చూసుకుని నేరుగా ఇక్కడికే వచ్చాడు.

“తమ్ముడూ, టోపీ నాదే, చెవులూ నావే. ఆ నవ్వు మాత్రం ఎవరిదో. నా పెళ్ళి ఫొటోలో కూడా నేను నవ్వలేదు. మా ఆవిడ చూసి, ఎవరో గానీ బాగున్నాడే అంది.”

చెయ్యి జారి ఉంటుంది, సరిచేస్తానన్నాడు పెయింటర్. దండెం దగ్గర కోడలి చేతులు ఆగిపోయాయి.

ఆఫీసు బస్సు కోసం వెళ్ళిన కోడలు బస్సెక్కలేదు. గోడ ముందు అటు నుంచి ఇటు నడిచింది. మీసాలున్న వాళ్ళు, బట్టతల వాళ్ళు, కళ్ళజోడు పెట్టుకున్న ఒకాయన. అందరికీ ఎడమ పెదవి కొస కాస్త పైకి లేచి ఉంది. ఆమె భర్త ఆమె చెప్పులు దాచేసి ఏమీ ఎరగనట్టు నిలబడ్డప్పుడు, అతని పెదవి అలాగే లేచేది.

నిచ్చెన మోసుకొచ్చిన మామగారికి ఆమె ఒక్కొక్క పెదవీ చూపించింది. ఆయన నిచ్చెన దించి చాలాసేపు చూశాడు.

“నాకు తెలీలేదమ్మా. వాడి ఫొటో ముందు పెట్టుకుంటే చెయ్యి ఆడేది కాదు. వీళ్ళని వేస్తుంటే మాత్రం సాఫీగా సాగింది. ఎందుకో అనుకున్నాను.”

ఆమె కళ్ళు తుడుచుకుంది.

“వీళ్ళ ఇళ్ళలోనూ అమ్మలున్నారు కదా మామయ్యా. వాళ్ళ పిల్లల మొహాలే వాళ్ళకి కావాలి. ఈ నవ్వు మీ అబ్బాయిది, ఆయనకే ఇచ్చేయండి.”

కోడలు ఇంటికెళ్ళి పిలిస్తే, గడప దాటనన్న అత్తగారు అరగంటలో ఆమెతో పాటు వచ్చింది. బోర్లించిన రంగు డబ్బా మీద కూర్చుంది. ఆయన ఫొటో బయటికి తీయలేదు. కనుబొమ మీది మచ్చ మరిచిపోయారని ఆవిడా, జుట్టు ఎప్పుడూ అంత బుద్ధిగా ఉండేది కాదని కోడలూ అంటుంటే చెయ్యి వాళ్ళ మాట వింది. చివర్లో, ఎవరూ చెప్పకుండానే, ఎడమ పెదవి కొస లేచింది. ముగ్గురూ ఒకేసారి నవ్వారు. ఆ నవ్వులోనే ఏడుపూ వచ్చింది.

మధ్యాహ్నం నుంచి ఆయన మిగతా పెదవులు ఒక్కొక్కటే దిద్దుకుంటూ వచ్చాడు. ఇప్పుడు ఎవరి మూతి వాళ్ళకే కుదిరింది. లారీ పెద్దాయన తన ముడుచుకున్న మొహం చూసుకుని తృప్తిగా తలాడించాడు.

“ఇదీ నేను. మా ఆవిడకి నచ్చదు. ఏం చేస్తాం.”

పొద్దువాలాక సామాను సర్దుతుంటే భార్య గోడ దగ్గరికి వెళ్ళింది. కొడుకు చెంప దాకా చెయ్యి చాపి ఆగింది.

“ముట్టుకోవచ్చా?”

“ఇంకా తడిగా ఉంది. రేపటికి ఆరుతుంది.”

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని కొంగుకి తుడుచుకుంది.

“అయితే రేపు పొద్దున్నే వస్తాను,” అంది.