రేగడిపల్లె బావికాడ మూడో పిలుపు

సోమశిల అవతల, ఎండకాలం కృష్ణల నీళ్లు దిగితే పాత రేగడిపల్లె బయటపడ్తది. డ్యాం కట్టినప్పుడు మునిగిన ఊరది. గోడలు లేవు, గడపలు లేవు... ఒక్క గిలకబావి మాత్రం ఒండ్రుమట్టి నడుమ నోరు తెర్సుకోని ఉంటది. పొద్దుగూకినంక చేపలు పట్టేటోళ్లు సుత అటు పోరు.

నీళ్లు ఊర్లెకొచ్చిన దినం కౌసల్య అనే ఆమె ఆఖరు బిందె తోడుకొస్తనని ఆ బావికి పోయిందట. మొగడు బండి కట్టి నిలవడ్డడు. వరద చుట్టుముట్టంగనే ఆమె రెండుసార్లు పిలిచింది. మూడోసారి పిలిచేటందుకు నోరు నీళ్ల మీద లేకపాయె. మొగడు ఇన్నడో, ఇనలేదో — బండి మాత్రం కదిలింది, ఆగలే.

అప్పటిసంది ఆమె మనకు తెలిసినోళ్ల గొంతుతోనే పిలుస్తదని చెప్తరు. రెండే సార్లు. అందుకే ఆ బావికాడ ఎవలు పిలిచినా మూడోసారి పిలిచేదాంక పలుకొద్దు, మళ్లి చూడొద్దు.

ఇగ మన పోచంపల్లి సురేశ్ సంగతి. మగ్గం మీద కూసున్నా ఫోన్ ఇడవడు. మెక్సికోల పెద్ద ఓడ మీద తిరిగేటోళ్లు ఒడ్డుకు దిగుడు, గుహలల్ల దూరుడు, తాళ్లకు వేలాడుడు — పొద్దున లేస్తే గవే వీడియోలు. మనం సుత గట్ల పోవాలెనని పెండ్లాం స్వరూపను సతాయించి సతాయించి, కడకు సోమశిల లాంచీ ఎక్కించిండు. మెక్సికో అందకపోతే కృష్ణ అందింది, పోనీ.

పొద్దు వంగేయాళ్లకు లాంచీ ఒక ఒడ్డుకు ఆగింది. గుట్ట మీది గుడికి పోయి పులిహోర తినొచ్చేటోళ్లు ఒక దిక్కు. తెడ్డేసే గుండ్రటి పుట్టి ఎక్కి మునిగిన ఊరు చూసొచ్చేటోళ్లు ఇంకో దిక్కు. లాంచీల ఉన్నోళ్లందరు గుడికే లేచిండ్రు. స్వరూప సుత లేచింది. సురేశ్ ఆమె చెయ్యి వట్టి గుంజిండు.

"నేను లేనా? నిన్ను ఇడిచిపెట్టి పోతనా?"

గా మాట నమ్మి పుట్టి ఎక్కింది పిచ్చిది.

పుట్టి నడిపే హనుమమ్మ బావి సంగతి, పిలుపు సంగతి అంతా చెప్పి, చీకటి పడకముందే రమ్మన్నది. తను పుట్టిలనే ఉంటనన్నది. సురేశ్ పండ్లన్నీ బయటవెట్టి నవ్విండు.

బావికాడ ఆయన నిలవడుడు, ఈమె వీడియో తీసుడు. బాగ రాలేదని మళ్ల నిలవడుడు. పొద్దు గుట్ట ఎనుకకు జారిపోయింది. బావిలకెళ్లి సల్లటి గాలి తగిలినట్టయితే స్వరూప పోదాం పట్టుమన్నది. సురేశ్‌కు సుత అప్పుడు జర బుగులు వట్టింది. ఫోన్ జేబుల ఏస్కొని బిరబిరా ముందు నడిచిండు.

ఎనుక స్వరూప ఒక్క అడుగు పక్కకు ఏసింది. పైన ఎండి పర్రెలిచ్చిన మట్టి... కింద అంతా జావ. మోకాళ్ల దాంక దిగింది. కాలు గుంజితే తొడల దాంక దిగింది.

"ఏమయ్యో..."

సురేశ్ ఆగిండు. ఆమె తన కండ్లతోని చూసింది, ఆగిండు. కని మళ్లి చూడలే.

"ఏమయ్యో... దిగవడ్డనయ్యా..."

ఈసారి ఉరికిండు — పుట్టి దిక్కు.

స్వరూపకు సమజైంది. తనను దెయ్యమనుకుంటున్నడు. ఫికర్ లేదు, ఇంకొక్కసారి పిలిస్తే మనిషినేనని తెలుస్తది, మళ్లొస్తడు. నోరు తెరిచింది... గొంతు రాలే. నాలుక అంగిట్ల అతుక్కున్నది. నోట్లకెళ్లి ఒట్టి గాలే వచ్చింది. మట్టి నడుముకు వచ్చింది. నేను లేనా అన్న మనిషి ఈయనేనా అనుకున్నది.

అంతల టార్చిలైటు ఎలుగు. హనుమమ్మ! మట్టి మీద బోర్ల పండుకోని, తెడ్డు ముందుకు చాపి, గట్టిగ పట్టుకొమ్మని, మెల్లగ... మెల్లగ... బయటికి గుంజింది.

పుట్టిల సురేశ్ ఒక మూలకు ముడుచుకోని కూసున్నడు. పుట్టి నీళ్లల్లకు కదిలినంక హనుమమ్మ మెల్లగ అన్నది.

"మూడోసారి పిలిచినవు, బతికినవు బిడ్డా. గది ఇనకపోతే నేను సుత రాకపోదును. నీ పెనిమిటైతే నా తెడ్డు వట్టుకోని, పోదాం పా అని ఒక్కటే గుంజుడు."

మట్టి తుడుసుకుంటున్న స్వరూప చెయ్యి ఆపింది.

"నేను... రెండేసార్లు పిలిచిన, అవ్వా."

తెడ్డు ఆగింది. స్వరూప మొగని దిక్కు తిరిగింది.

"నీకు ఇనవడ్డదా... మూడోసారి?"

సురేశ్ తల ఎత్తలే.

"ఇనవడ్డది," అన్నడు. "నీ గొంతే."

స్వరూప బావి దిక్కు తిరిగి చీకట్లనే చేతులు జోడించింది.

ఇప్పుడు సుత ఇద్దరు ఒక్క ఇంట్లనే ఉంటుండ్రు. అన్నానికి రమ్మని సురేశ్ పిలుస్తడు. ఆమె మగ్గం ఆగది. మళ్ల పిలుస్తడు... ఆగది. మూడోసారి పిలిచినంకనే స్వరూప పలుకుతది.